సండే స్కూలు పిల్లలతో క్రిస్మస్ అలంకరణలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

నర్సాపురం నుంచి అత్తయ్య దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు మీ చర్చి క్రిస్మస్ చెట్టుకి సండే స్కూలు పిల్లల చేతే అలంకరణలు చేయించాలని సంఘంలో అనుకున్నారనీ, ఆ పని నీ మీద పెట్టారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో అత్తయ్యని అడగమన్నావట. ఫోనులో చెబితే కొలతలు గుర్తుండవు. అందుకే రాస్తున్నాను, పని చేసేటప్పుడు పక్కన పెట్టుకో.

అన్నిటికన్నా ముందు ఒకటి నిర్ణయించుకో. మనం చేసేది ఈ ఒక్క పండక్కి కాదు. వచ్చే ఏడు పెట్టె తెరిస్తే మళ్ళీ చెట్టుకి కట్టగలిగేలా ఉండాలి. తొమ్మిదేళ్ళ పిల్ల చేసిన చేపని ఆ పిల్ల పంతొమ్మిదేళ్ళప్పుడు చెట్టు మీద చూసుకోగలగాలి. ఈ సంగతి తేల్చుకుంటే ఏ కాగితం కొనాలి, ఏ జిగురు వాడాలి, ఎన్ని రకాలు పెట్టుకోవాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి. పిల్లలకి రోజుకో కొత్త రకం చూపించాలని ఉబలాటపడకు. మూడు నాలుగు రకాలు చాలు, శుభ్రంగా రావాలి.

మీ చర్చిలో సరుగుడు కొమ్మే నిలబెడతారని విన్నాను. మీ చీరాల వైపు సరుగుడు తోటలకి కొదవ లేదు కదా. చాలా సంతోషం, కానీ సరుగుడు కొమ్మల చివర్లు సన్నం, మెత్తన. బజారులో దొరికే గాజు బంతులు నాలుగు కడితే చాలు, కొమ్మ నేల చూస్తుంది. కాగితం, రిబ్బను, ఫెల్టు అనే మెత్తటి దళసరి గుడ్డ అయితే బరువుండవు, పిల్లల చేతుల్లోంచి జారిపడినా పగలవు. ఈ చెట్టుకి ఇంతకన్నా తగినవి నాకైతే తెలియవు. కాకపోతే కొమ్మ పచ్చిగా ఉన్నది కావాలి. మరీ ముందు కొట్టిస్తే పండగ నాటికి రాలడం మొదలవుతుంది. మొదలుని తడి ఇసుక నింపిన బకెట్టులో నిలబెట్టి, రోజూ కాసిని నీళ్ళు పోయించు.

పని నవంబరు మొదటి వారంలోనే మొదలుపెట్టు. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. అది వచ్చాక పిల్లల సాయంత్రాలు నీ చేతిలో ఉండవు. పాటల ప్రాక్టీసు, నాటిక, ఇంటింటికీ క్యారల్స్, ఆ పైన స్కూలు పరీక్షలు. తుపాను వస్తే కరెంటు కూడా ఉండదు. ఆ మొదటి ఆదివారానికి అన్నీ తయారై పెట్టెలో ఉంటే నీకు నిశ్చింత.

ఇక కాగితం సంగతి. కాగితానికి ఒక వాలు ఉంటుంది. తయారయ్యేటప్పుడు దాని నారలన్నీ ఎక్కువగా ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. షీటుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడు. ఏ వైపు తేలిగ్గా వంగుతుందో ఆ వాలునే మడిస్తే మడత గీత గీసినట్టు వస్తుంది. అడ్డంగా మడిస్తే అట్ట పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. దళసరి కాగితాన్ని మడిచే ముందు సిరా అయిపోయిన బాల్ పెన్నుతో, స్కేలు ఆనించి గీత నొక్కించు. ఈ చిన్న అలవాటు పిల్లలకి పట్టుబడితే సగం పని అయినట్టే.

మొదటి రకం, పాత శుభలేఖల బంతి. మనిళ్ళలో పెళ్ళి శుభలేఖలు, పాత గ్రీటింగ్ కార్డులు పారేయలేక దాచినవి కట్టలు కట్టలుగా ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క మాట చెప్పు, వారం తిరిగేసరికి బస్తాడు వస్తాయి. ఆ అట్ట గట్టిది, పైన బంగారు రంగు అచ్చు ఉంటుంది, డబ్బు ఖర్చు లేదు. ఇతర మతాల వాళ్ళ శుభలేఖలు వస్తే దేవుడి బొమ్మలున్న భాగాన్ని మాత్రం కత్తెర పెట్టకుండా పక్కన ఉంచి మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యి. మిగతా అట్ట చాలు.

ఒక బంతికి 20 గుండ్రాలు కావాలి. ఒక్కోటి 5 సెంటీమీటర్ల అడ్డకొలత, అంటే కంపాసుని రెండున్నర సెంటీమీటర్లకి తెరవాలి. వృత్తం గీశాక కంపాసు కొలత మార్చకుండా అంచు మీద ఒక్కో గుర్తూ పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. ఒకటి వదిలి ఒకటి కలిపితే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజాన్ని ఒక్కసారి గట్టి అట్ట మీద కత్తిరించి ఉంచుకో, తక్కిన గుండ్రాలన్నిటికీ అదే ఆనించి గీతలు నొక్కొచ్చు. గీతల వెంట మూడు అంచుల్నీ పైకి మడవాలి. ఐదు గుండ్రాలని అంచుకి అంచు అంటిస్తే ఒక గొడుగు వస్తుంది. అలాంటివి రెండు, పైకొకటి, కిందకొకటి. మిగిలిన పదింటినీ ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా వరసగా అంటించి పట్టీ చేసి, దాని రెండు చివరలూ కలిపితే నడుము. నడుముకి పైనా కిందా గొడుగులు అంటిస్తే బంతి పూర్తి. పై గొడుగు అంటించక ముందే దాని నడినెత్తిలోంచి దారం దూర్చి లోపల పూసో గుండీయో కట్టెయ్యాలి. తరవాత దూర్చడం కుదరదు.

ఈ బంతి ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలకి ఇవ్వు. లెక్కల పుస్తకంలో చూసిన త్రిభుజాలు చేతిలో బంతిగా నిలబడటం వాళ్ళకి ఎంతో ఇష్టమవుతుంది. ఇది కొత్త సంగతేం కాదు. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం వాళ్ళ మగపిల్లల బడి ఉండేది. 1830ల్లో అక్కడ జ్యామితి పాఠంగా పిల్లలతో కాగితపు నక్షత్రం చేయించారు. హెర్న్‌హూట్ నక్షత్రమని ఇప్పటికీ లోకమంతా వేలాడదీస్తున్నది ఆ బడిలో పుట్టినదే. పిల్లలకి ఆ కథ చెప్పు. చేసేదాని వెనక ఒక బడి, తమలాంటి పిల్లలు ఉన్నారని తెలిస్తే పని మీద గౌరవం పెరుగుతుంది.

జిగురు గురించి గట్టిగా చెబుతున్నాను. ఫెవికాల్ సీసా పిల్లల చేతికివ్వకు. ఒక మూతలో కొంచెం పోసి, అగ్గిపుల్లతో పల్చగా రాయించు. ఎక్కువైతే అందులోని నీటికి కాగితం వంకర తిరుగుతుంది, ఆరాక గట్టి మచ్చ కడుతుంది. అంటించిన అంచుని బట్టలారేసే క్లిప్పుతో కాసేపు పట్టి ఉంచితే చాలు. ఇంట్లో మైదాపిండి కాచి చేసే జిగురు వెదురు స్టారుకి కాగితం అంటించడానికి భేషుగ్గా ఉంటుంది కానీ, దాచుకునే వస్తువులకి వద్దు. ఆ పిండి వాసనకి పురుగు చేరుతుంది. పూర్వం పుస్తకాలు కుట్టేవాళ్ళు అందుకే ఆ జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలున్న చోట దాని ఊసే వద్దు.

రెండో రకం అల్లిక గుండె, డెన్మార్క్ వాళ్ళది. పిల్లల కథలు రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది ఇప్పటికీ ఓడెన్స్ ఊళ్ళో భద్రంగా ఉంది. మనకి తెలిసినవాటిలో అదే పాతది. రెండు రంగుల కాగితాలు కావాలి, ఎరుపూ తెలుపూ అయితే చూడముచ్చటగా ఉంటాయి. ఒక్కో కాగితాన్ని 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు కత్తిరించి సగానికి మడవాలి. మడత వైపు నుంచి లోపలికి సమాన దూరంలో రెండు చీలికలు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల మీద ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు పొడవుండాలి. ఆ రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేశావంటే చివరి పట్టీ ఎంత లాగినా ఎక్కదు, కాగితం చిరిగిపోతుంది. రెండో చివరని గుండ్రంగా కత్తిరించాలి. ఇక అల్లడం. ఎర్ర పట్టీని మొదటి తెల్ల పట్టీ లోపలి నుంచి పోనివ్వాలి, రెండో తెల్ల పట్టీని ఎర్ర పట్టీ లోపలికి తీసుకోవాలి, మూడో దానిలో మళ్ళీ లోపలి నుంచి. తరవాతి వరస దానికి ఎదురు. చీరాల పిల్లలకి పడుగూ పేకా వేరే నేర్పాలా! ఒకటి రెండు చేశాక వాళ్ళే నీకు చూపిస్తారు. అల్లిక అయ్యాక ఈ గుండె సంచీలా తెరుచుకుంటుంది. అందులో నాలుగు కిస్‌మిస్‌లో, ఒక చాక్లెట్టో వేసి కట్టొచ్చు. పండగనాడు చిన్నపిల్లలకి ఇవ్వడానికి చాలా బాగుంటుంది. చీమలు పడతాయి కనుక ఆ పొద్దునే వెయ్యి. దీనికి పల్చని గ్లేజు కాగితం తీసుకోకు, అల్లుతుండగానే నలిగిపోతుంది. జెరాక్సు కాగితం కన్నా కొంచెం దళసరిగా, 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) రంగు కాగితం అడుగు.

నాలుగైదేళ్ళ పసివాళ్ళకి మాత్రం కాగితపు గొలుసే. అంగుళం వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు పట్టీలు నువ్వే కత్తిరించి ఇవ్వు. గొలుసులో గొలుసు దూర్చి అంటించడం వాళ్ళ వంతు. అది వచ్చే ఏటికి నిలవకపోయినా పర్వాలేదు, వాళ్ళకీ చెట్టులో వంతు ఉండాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫెల్టు దగ్గరకి వస్తున్నాను. ఇది నేసిన గుడ్డ కాదు. అసలు ఫెల్టు ఉన్నిని తడిపి, నొక్కి, రుద్ది చేస్తారు. పడుగూ పేకా లేవు కాబట్టి ఎటు కత్తిరించినా దారాలు ఊడిరావు, అంచు మడిచి కుట్టే పని లేదు. మన క్రాఫ్టు సామాన్ల కొట్లలో షీట్లుగా అమ్మేది ఎక్కువగా సింథటిక్‌ది. పిల్లల పనికి అది చాలు. వెలుతురుకి ఎత్తి పట్టి చూడు, అక్కడక్కడా పల్చగా కంతలు కంతలుగా కనపడితే కొనకు. వేలితో రుద్దితే నూగు లేచేదీ వద్దు.

బొమ్మలేవి అని ఆలోచిస్తున్నావేమో. మంచుమనిషి, కొమ్ముల జింక అందరూ చేస్తారు. మన పిల్లలు మంచు చూడలేదు, ఆ జింకనీ చూడలేదు. వాళ్ళకి తెలిసినవి చేయించు. చేప, పావురం, గొర్రెపిల్ల, నక్షత్రం, దీపం. ఇవన్నీ బైబిలు వాక్యంలో ఉన్నవే, ఒక్కో బొమ్మకీ ఒక్కో పాఠం చెప్పుకోవచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్ ఊళ్ళో ఫ్రాన్సెస్ స్పెన్సర్ అనే ఆవిడ 1957లో తమ లూథరన్ చర్చి చెట్టుకి ఇలాగే క్రీస్తు గుర్తులని తెలుపు, బంగారు రంగుల్లో తయారుచేసింది. అక్కణ్ణుంచి ఆ అలవాటు చాలా చర్చీలకి పాకింది. నువ్వూ రంగులు తగ్గించు. తెలుపు, ఎరుపు, ఒక ముదురు నీలం, బంగారు రంగు దారం. సరుగుడు పచ్చదనంలో ఆకుపచ్చ ఫెల్టు కలిసిపోతుంది, అది కొనకు.

బొమ్మని ముందు అట్ట మీద గీసి కత్తిరించు. సన్నటి కాళ్ళూ మొనదేలిన చెవులూ పెట్టకు, మూడంగుళాల పొడవులో గుండ్రటి అంచులుండాలి. దర్జీలు వాడే సబ్బు పెచ్చుతో చుట్టూ గీత గీసి, గీతకి లోపలి వైపు కత్తిరిస్తే మరక మిగలదు. కత్తిరించేటప్పుడు కత్తెర తిప్పకూడదు, గుడ్డని తిప్పాలి. ఫెల్టు కత్తెర వేరు, కాగితం కత్తెర వేరు. కాగితం కోసిన కత్తెర మొద్దుబారి ఫెల్టుని నములుతుంది. రెండింటికీ రెండు రంగుల రిబ్బను కట్టి ఉంచు, పిల్లలు కలపరు.

కుట్టు కాజా కుట్టే. ఎంబ్రాయిడరీ దారం లడిలో ఆరు పోగులుంటాయి, అందులోంచి రెండు పోగులు విడదీసి, మోచేతి పొడుగు మించకుండా తీసుకోవాలి. పొడుగు దారం చిక్కు పడి పిల్లకి విసుగొస్తుంది. ముడి రెండు పొరల మధ్య దాగేలా మొదలుపెట్టి, అంచుకి 3 మిల్లీమీటర్ల లోపల, 4 మిల్లీమీటర్లకొకటి కుట్టాలి. దగ్గర దగ్గరగా ఉండటం కన్నా సమంగా ఉండటం ముఖ్యం. కన్ను, రెక్క గీతలు వంటివి రెండు పొరలూ కలపక ముందే కుట్టెయ్యాలి. కళ్ళకి పూసలు అంటించవద్దు, కుట్టాలి. అంటించినవి రెండో ఏటికి ఉండవు. ఏడేళ్ళ లోపు పిల్లలకి సూది ఇవ్వకు. తొమ్మిదీ పదేళ్ళ పిల్లలకి మొన మొద్దుగా ఉండే పెద్ద సూది ఇచ్చి, రన్నింగు కుట్టుతో మొదలుపెట్టించు. మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టు. ఇది ఆడపిల్లల పని అనే మాట మన సండే స్కూల్లో వినపడకూడదు, అది నువ్వు పట్టుబట్టాల్సిన విషయం.

అంగుళం సందు మిగిలి ఉండగా బూరుగు దూది కూరండి. బజారులో దొరికే పాలిస్టర్ దూది కన్నా తేలిక, మెత్తన. ముందు అంచులూ మూలలూ పెన్సిలు మొద్దు చివరతో నింపి, తరవాత పొట్ట. ఉబ్బెత్తుగా కూరితే కుట్ల మధ్య దూది తొంగిచూస్తుంది.

వేలాడదీసే దారం ఎక్కడ కుట్టాలన్నది చాలామంది వదిలేసే సంగతి. చేపకి వీపు నడిమధ్యలో కుడితే తల బరువుకి ముక్కు కిందకి దిగిపోతుంది. సందు మూసేశాక పైన ఒక గుండుసూది గుచ్చి, ఆ సూది పట్టుకుని ఎత్తి చూడు. వాలితే సూదిని వాలిన వైపుకి జరుపు. ఎక్కడ సమంగా నిలబడుతుందో అక్కడే కుట్టు. పావురానికైతే మరీ ముఖ్యం.

రిబ్బను గురించి చెప్పేది కొద్దిగానే ఉంది. వేలాడదీయడానికి పావంగుళం శాటిన్ రిబ్బను చాలు, ఆరంగుళాలు తీసుకుని మడిచి ముడి వేస్తే సరిపోతుంది. నూలు దారమైతే సరుగుడు కొమ్మ గరుకుకి పట్టుకుని జారదు, నాకదే ఇష్టం. శాటిన్, నైలాన్ రిబ్బను కోసిన చోట పీచు లేస్తుంది. కొవ్వొత్తి మంటకి పక్కగా, కింది నీలపు భాగం దగ్గర ఒక్క క్షణం చూపిస్తే అంచు కరిగి మూసుకుంటుంది. మంట పైన పెడితే మసి అంటుతుంది. అది నువ్వే చెయ్యాలి, పిల్లలు కాదు. కరిగిన చుక్క చర్మం మీద పడితే అంటుకుపోతుంది. జిగురు తుపాకీ కూడా అంతే, నీ చేతిలో తప్ప మరొకరి చేతిలో వద్దు.

రిబ్బనుతోనే ఒక బొమ్మ కావాలంటే చిన్న చెట్టు చేయించు. సెంటీమీటరు వెడల్పు రిబ్బనుని కింద పెద్ద మడత, పైకి పోయేకొద్దీ చిన్న మడత వచ్చేలా అటూ ఇటూ మడుస్తూ, మడత మడతకీ మధ్య ఒక పూస వేస్తూ సూదితో గుచ్చుకుంటూ పోవాలి. దీనికి శాటిన్ జారిపోతుంది, అడ్డగీతలుండే గరుకు రిబ్బను తీసుకో. మీ పిల్లల జడ రిబ్బన్లు పాతవి ఉంటే ఉతికి ఇస్త్రీ పెట్టించు, ఇస్త్రీ మాత్రం బాగా తక్కువ వేడిలో.

మీ పెద్ద మగపిల్లలు వెదురు స్టారు కూడా కడతామన్నారని అమ్మ చెప్పింది. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు సమానంగా కట్టి, మొనల దగ్గర రెండింటినీ కలిపి బిగించి, లోపల బద్దలు కలుసుకునే ఐదు చోట్లా చిన్న పుల్లలు అడ్డం పెడితే పొట్ట లేస్తుంది. బద్దలన్నీ ఒకే కొలత ఉండాలి, అక్కడ అర అంగుళం తేడా వచ్చినా స్టారు వంకరే. లోపల మామూలు ఫిలమెంటు బల్బు పెట్టనివ్వకు, ఎల్ఈడీ మాత్రమే. వైరింగు తెలిసిన పెద్దవాళ్ళు ఒకరు పక్కనుండాలి. డిసెంబరు మంచుకి కాగితం తడిసి జారుతుంది కాబట్టి, స్టారుని వసారా చూరు కిందే కట్టించు.

ప్రతి వస్తువు వెనకా పిల్ల పేరు, ఏడాది రాయించు. కాగితం మీద పెన్సిలుతో, ఫెల్టు మీద కుట్టుతో. వచ్చిన పెద్దలు మెచ్చుకోవాలని బాగా వచ్చినవి ముందు వైపు, వంకరవి వెనక వైపు కట్టే అలవాటు కొందరికి ఉంది. అది నువ్వు చెయ్యకు. పిల్లలు చర్చిలోకి రాగానే తమది ఎక్కడుందో వెతుక్కుంటారు. వాళ్ళ కంటి ఎత్తులో వాళ్ళవే ఉండాలి.

జనవరి 6 తరవాత అన్నీ దింపు. ఒక రోజు నీడలో గాలికి ఆరబెట్టి, కాగితపువి ఒక అట్టపెట్టెలో, ఫెల్టువి వేరే డబ్బాలో సర్దు. బంతులని ఒకదాని మీద ఒకటి పెట్టకు, మధ్య పాత న్యూస్ పేపరు నలిపి పెట్టు. ఎండిన వేపాకు గుడ్డలో మూట కట్టి వేస్తే చాలు. అసలు ఉన్ని ఫెల్టు ఉంటేనే రెండు కలరా ఉండలు, అవీ కాగితంలో చుట్టి, పిల్లలకి అందని ఎత్తులో పెట్టెని ఉంచి. జూన్ జూలైలో వానలు పట్టాక ఒకసారి పెట్టె తెరిచి తేమ చూసుకో.

మన నర్సాపురం లేసు ముక్కలు కొన్ని బస్సు పార్సిల్లో వేస్తున్నాను. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పితే వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పావురం రెక్కకీ, గొర్రెపిల్ల మెడకీ ఒక్కో ముక్క కుట్టించు, తెల్ల ఫెల్టు మీద బాగా అమరుతుంది. కుట్టే ముందు గంజిలో ముంచి, బల్ల మీద గుండుసూదులతో సాగదీసి ఆరనిస్తే ఆకారం నిలుస్తుంది. పార్సిల్లో చేప, పావురం, గొర్రెపిల్ల అట్ట నమూనాలు కూడా పెట్టాను. ముందు ఒక్కోటి నువ్వు స్వయంగా చేసి చూసుకో. ఎక్కడ ఆగిపోయావో ఫోటో తీసి పంపితే రాత్రి ప్రార్థన అయ్యాక చూసి చెబుతాను. అన్నయ్యని, వదినని అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ అత్తయ్య
నర్సాపురం